నడిసముద్రంలో పానా

తెరచాప పడవను గాలే నడిపిస్తుంది. ఆ పడవలోనే కాపురం పెట్టి దేశాలు తిరిగేవాళ్ల రోజు మాత్రం యంత్రాల మీద గడుస్తుంది. 40 అడుగుల పడవలో 30 నుంచి 50 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్ ఒకటి ఉంటుంది. రేవులోకి రావడానికి, గాలి పడిపోయినప్పుడు ముందుకు కదలడానికి, బ్యాటరీలకు ఛార్జి ఎక్కించుకోవడానికి అదే దిక్కు. దానికి తోడు సోలార్ పలకలు, ఫ్రిజ్, మంచినీళ్ల పంపు, ఉప్పునీటిని తాగునీరుగా మార్చే యంత్రం, లంగరు గొలుసును పైకి లాగే మోటారు, ఆటోపైలట్, పంపుతో నడిచే టాయిలెట్ ఉంటాయి. ఇవన్నీ ఇరుకు చోటులో, చెమ్మలో, ఊగుతూనే పనిచేయాలి. పసిఫిక్‌లో గలపగోస్ నుంచి మార్కెసస్ దీవులకు సుమారు 3,000 నాటికల్ మైళ్లు, అంటే 5,500 కిలోమీటర్లు. మామూలు పడవకు మూడు వారాల దారి. ఆ మూడు వారాల్లో ఏది చెడిపోయినా పడవలో ఉన్న మనుషులు, పడవలో ఉన్న సామానుతోనే బాగుచేసుకోవాలి.

పడవలో యంత్రం చెడడానికి వయసు కన్నా ఉప్పే పెద్ద కారణం. ఉప్పునీళ్లతో తడిసిన చోట నీరు ఆరినా ఉప్పు మిగులుతుంది. అది గాలిలోని తేమను పీల్చుకుని మళ్లీ తడి అవుతుంది. అందుకే ఉప్పునీళ్లు పడిన వైరు, స్విచ్చు, మోటారు ఎప్పటికీ పూర్తిగా ఆరవు. రాగి తీగకు చిలుము పడుతుంది. సముద్రపు నీటిలో రెండు వేర్వేరు లోహాలు కలిసి ఉంటే వాటి మధ్య సన్నగా కరెంటు పారి, బలహీనమైన లోహం కరిగిపోతూ ఉంటుంది. కంచును, ఉక్కును కాపాడడానికి పక్కన జింకు ముక్కలు బిగించేది అందుకే. ముందు జింకు కరుగుతుంది, అది అయిపోయాక అసలు భాగం కరగడం మొదలవుతుంది. తుప్పు పట్టదని పేరున్న స్టెయిన్‌లెస్ స్టీలు కూడా ప్రాణవాయువు తగలని సందుల్లో, నీరు నిలిచిన చోట లోలోపల తినేసుకుపోతుంది. పైకి మాత్రం మెరుస్తూనే ఉంటుంది. ఉప్పు తరువాత చెప్పుకోవలసింది అదురు. గంటల తరబడి అదిరే ఇంజిన్ పక్కన ఏ నట్టయినా వదులవుతుంది, ఏ గొట్టమైనా ఒరుసుకుంటుంది. వాడకపోయినా నష్టమే. నెలలపాటు కదపని వాల్వు బిగుసుకుపోతుంది, పంపు రబ్బరు ఒకే వంపులో గట్టిపడుతుంది.

యంత్రం ఆగిన క్షణాన చేయవలసిన మొదటి పని యంత్రం దగ్గర ఉండదు. పడవ ఎక్కడుంది, గాలి ఎటు నెడుతోంది, ఒడ్డో రాళ్లో ఎంత దూరంలో ఉన్నాయి అన్నది చూడాలి. చోటుంటే తెరచాప ఎత్తి పడవను అదుపులోకి తెచ్చుకోవాలి. లోతు తక్కువ ఉంటే లంగరు వేయాలి. అనుభవం ఉన్నవాళ్లు రేవులోకి వస్తున్నప్పుడు ఇంజిన్ నడుస్తున్నా తెరచాపను వెంటనే ఎత్తడానికి వీలుగా ఉంచుతారు, లంగరును కట్లు విప్పి సిద్ధంగా పెడతారు. పడవ నిలకడగా ఉన్నాకే పనిముట్ల పెట్టె తెరవాలి. ఈ వరుస తప్పి, తల ఇంజిన్ గదిలో పెట్టి పైన రాళ్లను మరిచిపోతే చిన్న లోపం కాస్తా పడవనే పోగొడుతుంది.

డీజిల్‌లో నీళ్లు, నలక

ఇంజిన్ ఆగితే ముందుగా అనుమానించవలసింది డీజిల్‌నే. డీజిల్ ఇంజిన్‌కు స్పార్కు అక్కర్లేదు. పాతకాలపు మెకానికల్ పంపున్న ఇంజిన్‌కైతే ఒకసారి తిరగడం మొదలయ్యాక కరెంటు కూడా అక్కర్లేదు. శుభ్రమైన ఇంధనం, గాలి, సిలిండర్లో కావలసినంత ఒత్తిడి ఉంటే అది నడుస్తూనే ఉంటుంది. చిక్కంతా ఆ శుభ్రం దగ్గరే. సగం నిండిన ట్యాంకులో గోడలకు చెమ్మ పట్టి నీరు దిగుతుంది. నీరు డీజిల్ కన్నా బరువు కాబట్టి అడుక్కు చేరుతుంది. ఆ రెండూ కలిసే పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు మడ్డి తయారవుతుంది. రేవులో పడవ కదలకుండా ఉన్నంతకాలం మడ్డి అడుగునే పడి ఉంటుంది. అలలు పెరిగి పడవ ఎగిరెగిరి పడినప్పుడు అదంతా కలిసిపోయి ఫిల్టర్‌లోకి వస్తుంది, నిమిషాల్లో మూసేస్తుంది. సముద్రం పొంగి ఉన్నప్పుడే, ఇరుకు రేవులోకి వస్తున్నప్పుడే ఇంజిన్ ఆగడాన్ని చాలామంది దురదృష్టం అనుకుంటారు. అసలు కారణం ట్యాంకు అడుగునే ఉంది. ఇంజిన్ వేగం కాసేపు తగ్గి, మళ్లీ పుంజుకుని, ఇంకొంతసేపటికి పూర్తిగా పడిపోతే అది డీజిల్ అందని లక్షణం.

ట్యాంకుకూ ఇంజిన్‌కూ మధ్య సాధారణంగా రెండు ఫిల్టర్లు ఉంటాయి. మొదటిది నీటిని వేరుచేసేది. దాని అడుగున గాజులా పారదర్శకంగా ఉండే గిన్నె ఉంటుంది. నీరు చేరితే కంటికి కనిపిస్తుంది, కింది స్క్రూ వదులు చేసి తీసేయవచ్చు. 10 లేదా 30 మైక్రాన్ల నలక ఇక్కడ ఆగుతుంది. రెండోది ఇంజిన్ మీదే ఉండి మరింత సన్నని నలకను పడుతుంది. దూరప్రయాణాలు చేసే పడవల్లో మొదటి ఫిల్టర్లు రెండు పక్కపక్కన పెట్టి మధ్యలో ఒక వాల్వు బిగిస్తారు. ఒకటి మూసుకుపోతే ఇంజిన్ ఆపకుండానే రెండోదానికి మార్చుకోవచ్చు. కొత్త జీపీఎస్ తెర కన్నా ముందు డబ్బు పెట్టవలసింది ఈ జంట ఫిల్టర్ మీద. పడవను రేవు దాకా తెచ్చేది అది.

ఫిల్టర్ మార్చాక ఇంజిన్ వెంటనే స్టార్టు కాదు. గొట్టాల్లో గాలి చేరి ఉంటుంది. డీజిల్ ఒత్తిడికి లొంగదు కానీ గాలి నలుగుతుంది. పంపు ఎంత నెట్టినా ఆ బుడగ దగ్గరే బలమంతా పోయి, సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ తెరుచుకోదు. ఊళ్లో ఆయిల్ ఇంజిన్‌తోనో ట్రాక్టర్‌తోనో పనిచేసిన రైతుకు ఇది తెలిసిన వ్యవహారమే. ఎయిర్ పట్టిందని, ఎయిర్ తీయాలని అక్కడ అనేది దీన్నే. ఫిల్టర్ తలమీది చిన్న స్క్రూను రెండు మూడు చుట్లు వదులు చేసి, ట్యాంకు నుంచి డీజిల్ లాగే లిఫ్ట్ పంపు పక్కనున్న మీటను బొటనవేలితో కొడుతూ ఉండాలి. ముందు బుసబుసమని నురగ వస్తుంది. తరువాత బుడగలు కలిసిన డీజిల్, ఆ తరువాత బుడగ లేని ధార వస్తుంది. ధార వస్తుండగానే స్క్రూ బిగించాలి. అక్కడి నుంచి ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ దగ్గరికి వెళ్లి మళ్లీ ఇదే పని. అప్పటికీ స్టార్టు కాకపోతే ఇంజెక్టర్ల దగ్గర గొట్టాల నట్లు వదులు చేసి ఇంజిన్‌ను తిప్పితే మిగిలిన గాలి పోతుంది. మొత్తం కలిపితే పావుగంట పని. ఊగే పడవలో, డీజిల్ వాసనలో, కడుపులో తిప్పుతుండగా, చేతిలో పానా జారుతుండగా చేయాలంటే ఒడ్డున పదిసార్లు చేసి ఉండాలి. పడవలో ఇద్దరే ఉంటే ఇద్దరికీ వచ్చి ఉండాలి. ఇంజిన్ పని ఒకరిది, వంట పని ఒకరిది అని పంచుకున్న జంటల్లో ఇంజిన్ తెలిసిన మనిషికి జ్వరం వచ్చిన రోజున పడవ మొత్తం నిస్సహాయమవుతుంది.

ఈ సందర్భంలోనే చాలామందికి తెలియని ప్రమాదం ఒకటుంది. స్టార్టు కాని ఇంజిన్‌ను పదేపదే తిప్పుతుంటే దానితోపాటు సముద్రపు నీటి పంపు కూడా తిరుగుతుంది. ఇంజిన్ నడుస్తుంటే పొగ ఒత్తిడి ఆ నీటిని బయటికి తోస్తుంది. నడవకపోతే తోసేది లేక నీరు సైలెన్సర్‌లో నిండి వెనక్కి పొర్లి సిలిండర్లలోకి దిగుతుంది. డీజిల్ నలకతో మొదలైన చిన్న జబ్బు ఇంజిన్ పూర్తిగా విప్పే దాకా పోతుంది. ఎక్కువసేపు తిప్పవలసి వస్తే సముద్రపు నీటి వాల్వు కట్టేయాలి, ఇంజిన్ అందుకున్న మరుక్షణం తెరవాలి.

అరచేతంత రబ్బరు చక్రం

ఇంజిన్ వేడెక్కడానికి ఎక్కువసార్లు కారణం ఇంపెల్లర్ అనే రబ్బరు చక్రం. అరచేతిలో ఇమిడిపోతుంది. దాని చుట్టూ ఆరో, అంతకు మించో రెక్కలుంటాయి. పడవ అడుగునున్న వాల్వు ద్వారా సముద్రపు నీరు జల్లెడ దాటి ఈ పంపులోకి వస్తుంది. అక్కడి నుంచి హీట్ ఎక్స్‌ఛేంజర్‌కు వెళ్లి, ఇంజిన్ లోపల తిరిగే మంచినీటి వేడిని తీసుకుని, చివరికి పొగతో కలిసి పడవ వెనక నుంచి బయట పడుతుంది. అందుకే ఇంజిన్ స్టార్టు చేసిన ప్రతిసారీ వెనక్కి వంగి పొగగొట్టంలోంచి నీరు పడుతోందో లేదో చూడడం పడవవాళ్లకు అలవాటు. నీరు ఆగితే పొగ చప్పుడే మారుతుంది. తడిగా గుడగుడమనేది పొడిగా, గట్టిగా వినిపిస్తుంది. ఉష్ణోగ్రత ముల్లు కదలకముందే ఆ చప్పుడు చెబుతుంది.

జల్లెడలో నాచో ప్లాస్టిక్ సంచో అడ్డుపడినా, వాల్వు తెరవడం మరిచినా ఇంపెల్లర్‌కు నీరు అందదు. నీరే దానికి కందెన కూడా. నీరు లేకుండా నిమిషం రెండు నిమిషాలు తిరిగితే చాలు, రెక్కలు కాలి తెగిపోతాయి. మార్చేటప్పుడు ముందుగా సముద్రపు వాల్వు మూయాలి. తరువాత పంపు మూతకున్న చిన్న స్క్రూలు విప్పాలి. చాలా ఇంజిన్లలో అవి కంటికి కనపడని మూలలో, వేళ్లకు మాత్రమే అందేలా ఉంటాయి. జారితే పడవ అడుగున నల్లటి నీళ్లలో పడతాయి. కాబట్టి కింద ఒక గుడ్డ పరుచుకోవాలి. పాత ఇంపెల్లర్ బయటికి తీశాక దాని రెక్కలు లెక్కపెట్టాలి. ఆరింటికి నాలుగే ఉంటే తెగిన రెండు ముక్కలు గొట్టంలోనో హీట్ ఎక్స్‌ఛేంజర్ మొదట్లోనో ఇరుక్కుని ఉంటాయి. అవి దొరికేదాకా పని అయినట్టు కాదు. కొత్త ఇంపెల్లర్ వేసి, పాత ముక్కలను అక్కడే వదిలేస్తే ఇంజిన్ మళ్లీ వేడెక్కుతుంది, ఈసారి కారణం అంతుపట్టదు. కొత్తదానికి సబ్బునీళ్లో గ్లిజరినో రాసి, రెక్కలన్నీ పంపు తిరిగే దిక్కుకు ఒదిగేలా తిప్పుతూ లోపలికి నెట్టాలి. పల్చటి కాగితం గాస్కెట్ చిరిగితే అక్కడి నుంచి గాలి పీలుస్తుంది కాబట్టి అదీ కొత్తదే వేయాలి.

ఇంజిన్ ఆరోగ్యాన్ని పొగ రంగు చాలావరకు చెబుతుంది. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా ప్రొపెల్లర్‌కు నత్తగుల్లలో తాడో పట్టి బరువు పెరిగింది. నీలిపొగ ఆయిల్ కాలుతున్నట్టు. తెల్లపొగ అయితే కాలని డీజిల్, లేదా ఆవిరి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపినట్టు కనిపిస్తే లోపలికి నీరు చేరింది. అప్పుడు ఇంజిన్ నడపకూడదు.

నీరు లోపలికి వచ్చే దారులు

పడవ అడుగున మనిషే చేసిన రంధ్రాలు చాలా ఉంటాయి. ఇంజిన్ నీటికి, టాయిలెట్‌కు, వంటగది తొట్టికి ఒక్కొక్కటి. ప్రతిదానికీ ఒక వాల్వు, దానికొక గొట్టం, గొట్టానికి క్లిప్పులు. నీటిమట్టానికి రెండడుగుల కింద ఒకటిన్నర అంగుళం గొట్టం ఊడిపోతే నిమిషానికి 150 లీటర్లకు పైగా నీరు లోపలికి వస్తుంది. మామూలు చేతిపంపుతో దానిని ఎక్కువసేపు నిలువరించలేరు. అందుకే ప్రతి వాల్వు పక్కనా ఆ రంధ్రానికి సరిపోయే మెత్తటి కొయ్య బిరడాను తాడుతో కట్టి ఉంచుతారు. క్లిప్పులు రెండేసి వేస్తారు. నెలకోసారి అన్ని వాల్వులనూ మూసి తెరిచి చూస్తారు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంతగా ప్రాణాలు కాపాడే పని పడవలో మరొకటి లేదు.

ప్రొపెల్లర్‌ను తిప్పే షాఫ్టు పడవ గోడను దాటి బయటికి వెళ్లే చోట గ్లాండ్ ఉంటుంది. పాత పద్ధతిలో మైనం, గ్రీజు పట్టించిన నార తాళ్లను షాఫ్టు చుట్టూ దట్టించి నట్టుతో బిగిస్తారు. షాఫ్టు తిరుగుతున్నప్పుడు అక్కడ నిమిషానికి కొన్ని చుక్కలు కారాలి. అది లోపం కాదు, ఆ చుక్కలే దాన్ని చల్లబరుస్తాయి. చుక్క పడకుండా బిగిస్తే గ్లాండ్ వేడెక్కి షాఫ్టుకే గీత పడుతుంది. ధారగా కారితే బిగించాలి, బిగించినా ఆగకపోతే నార మార్చాలి.

చుక్కాని మొరాయిస్తే

ఇంజిన్ లేకపోయినా తెరచాప పడవ నడుస్తుంది. చుక్కాని లేకపోతే నడవదు. స్టీరింగ్ చక్రానికీ చుక్కానికీ మధ్య ఉక్కు తీగలు, కప్పీలు, గొలుసు ఉంటాయి. తీగ ఒక్కో పోగూ తెగుతూ వస్తుంది. వేలికి గుచ్చుకునే పోగు కనిపించిన రోజే మార్చాలి. తీగ పూర్తిగా తెగితే, చుక్కాని కడ్డీ తలకు నేరుగా తగిలించే అత్యవసర పిడి చాలా పడవల్లో ఉంటుంది. తగిలించి చూడకుండా సముద్రం మీదికి వెళ్లినవాళ్లకు, అవసరం వచ్చినప్పుడు అది మంచానికో పెట్టెకో తగులుతుందని అప్పుడే తెలుస్తుంది.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఐఎన్ఎస్‌వీ తారిణి. గోవాలో కట్టిన ఈ 55 అడుగుల పడవలో భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు 2017 సెప్టెంబర్ 10న బయలుదేరి భూమిని చుట్టి 2018 మే 21న తిరిగి గోవా చేరారు. వర్తికా జోషి సారథ్యం వహించిన ఆ బృందంలో విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. దక్షిణ మహాసముద్రాల తుపానులు దాటుకుని, కేప్‌టౌన్ నుంచి ఇంటిముఖం పట్టాక స్టీరింగ్ యంత్రాంగం దెబ్బతింది. ముందు అనుకోని మారిషస్‌లో, పోర్ట్ లూయీ రేవులో ఆగి బాగుచేయించుకుని కదిలారు. అన్ని వేల మైళ్లు తిరిగిన ఇనుము చివరి మజిలీలో అలసిపోవడం సహజం. దగ్గరి రేవుకు మళ్లాలన్న నిర్ణయం కూడా మరమ్మతులో భాగమే.

నావికుడు అభిలాష్ టోమీ కథ ఇంకో రకం. 2022 సెప్టెంబర్‌లో మొదలైన గోల్డెన్ గ్లోబ్ రేసులో ఆయన ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా ప్రపంచాన్ని చుట్టారు. ఒంటరి ప్రయాణంలో మనిషి నిద్రపోతున్నప్పుడు చుక్కాని పట్టేది గాలి బలంతో పనిచేసే విండ్‌వేన్. అది దెబ్బతిన్నప్పుడు ఆయన పడవలోని టాయిలెట్ తలుపును కోసి దానికి కావలసిన భాగం చేసుకున్నారు. 2023 ఏప్రిల్ 29న రెండో స్థానంలో ఒడ్డు చేరారు. అంతకు ముందు 2018 రేసులో తుపానుకు ఆయన పడవ తెరచాప కొయ్య విరిగింది, వెన్నుకు తీవ్రమైన గాయమైంది. హిందూ మహాసముద్రం దక్షిణాన ఒక ఫ్రెంచి నౌక వచ్చి కాపాడింది. కొన్నిటిని పానాతో బాగుచేయలేం. ఆపదలో సంకేతం పంపే పరికరం ఎప్పుడు నొక్కాలో తెలిసి ఉండడం కూడా అందుకే అవసరం.

కరెంటు, కొయ్య, టాయిలెట్

పడవల్లో కరెంటు ఎక్కువగా 12 వోల్టులు. వోల్టేజీ తక్కువ కాబట్టి అదే పనికి ఎక్కువ ఆంపియర్లు కావాలి. 1,000 వాట్ల లంగరు మోటారు 80 ఆంపియర్లకు పైగా లాగుతుంది. చిలుము పట్టిన ఒక్క టెర్మినల్ చాలు, ఆ బలమంతా వేడిగా పోవడానికి. మోటారు చెడిందని విప్పేముందు మల్టీమీటర్ పెట్టి బ్యాటరీ దగ్గర ఎంతుందో, మోటారు దగ్గర ఎంతుందో చూడాలి. రెండింటికీ తేడా ఉంటే జబ్బు దారిలో ఉంది. లెడ్ బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.7 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 చూపితే సగం ఖాళీ అయినట్టు. అంతకన్నా దింపుతూ పోతే దాని ఆయువు తగ్గుతుంది.

కొయ్యను నిలబెట్టే స్టెయిన్‌లెస్ తీగలు ఫిట్టింగులోకి దూరే చోట తెగుతాయి. నూలుగుడ్డతో తుడుచుకుంటూ పోతే తెగిన పోగు దారాన్ని పట్టేస్తుంది. చాలామంది పదీ పదిహేనేళ్లకోసారి తీగలన్నీ మార్చేస్తారు. తాగునీటి యంత్రంలో పొర సుమారు 55 బార్ల ఒత్తిడి మీద ఉప్పును వడకడుతుంది. రేవులోని నూనె తెట్టు, కొళాయి నీటి క్లోరిన్ రెండూ దాన్ని చంపేస్తాయి. టాయిలెట్ గొట్టంలో మూత్రం, ఉప్పునీరు కలిసి సున్నంలా పేరుకుని దారి సన్నబడుతుంది. అప్పుడప్పుడు వెనిగర్ పోస్తే నెమ్మదిస్తుంది, లేకపోతే గొట్టం విప్పక తప్పదు. కాపురం ఉన్న పడవలో అన్నిటికన్నా ముందు నేర్చుకోవలసిన మరమ్మతు బహుశా ఇదే.

ఉన్నదానితో చేసుకోవడం

మరమ్మతు చేయడానికి సరైన పనిముట్టు లేనప్పుడు ఏం చేయాలో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ చేసి చూపించారు. బొంబాయిలో టేకుతో కట్టిన సుహైలీలో ఆయన 1968 జూన్ 14న ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ నుంచి బయలుదేరి, ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టి 1969 ఏప్రిల్ 22న తిరిగొచ్చారు. అలా చుట్టిన మొదటి మనిషి ఆయనే. దారిలో పడవ అడుగు పలకల సందు నుంచి నీరు కారింది. ఆయన నీళ్లలోకి దూకి, ఊపిరి బిగబట్టినంతసేపు పనిచేస్తూ, సందులో నూలు దట్టించి పైన రాగిరేకు కొట్టారు. ఇంకోసారి బ్యాటరీలకు ఛార్జి ఎక్కించే చిన్న ఇంజిన్‌లో స్పార్కు పాయింట్ల ఎడం సరిచేయవలసి వచ్చింది. అది అంగుళంలో వెయ్యోవంతుల లెక్క. కొలిచే గేజి పడవలో లేదు. ఆయన ఒక పుస్తకం పేజీలు లెక్కపెట్టారు. అంగుళం మందానికి 200 కాగితాలు వచ్చాయి. అంటే ఒక్క కాగితం వెయ్యింట అయిదు వంతులు. కావలసినన్ని కాగితాలు మడిచి పెట్టి ఎడం కొలిచారు. ఇంజిన్ నడిచింది. ఆయనకు తెలిసినది పనిముట్టు పేరు మాత్రమే కాదు, ఆ ఎడం ఎందుకు కావాలో తెలుసు. పనితీరు అర్థమైనవాడికి ప్రత్యామ్నాయం దొరుకుతుంది.

దీనికి పూర్తిగా వేరే దారి పట్టినవాళ్లూ ఉన్నారు. లిన్, లారీ పార్డీ దంపతులు ఇంజిన్ లేని రెండు పడవలను తామే కట్టుకుని దశాబ్దాలపాటు సముద్రాలు తిరిగారు. లేని యంత్రం చెడదు. అయితే గాలి లేని రోజున రేవు ముందు గంటల తరబడి ఆగే ఓపిక, తెడ్డుతో పడవను లోపలికి తెచ్చుకునే నేర్పు కావాలి. అందరికీ ఆ దారి కుదరదు కానీ, కొత్త యంత్రం కొనేముందు అది చెడితే బాగుచేసుకోగలమా అని అడగడం అందరికీ కుదురుతుంది.

విడిభాగాలు, రేవులు

ఇంపెల్లర్లు, బెల్టులు, ఫిల్టర్లు, ఆయిల్, జింకు ముక్కలు, పంపుల రబ్బర్లు, క్లిప్పులు, గొట్టం ముక్కలు, ఎపాక్సీ, తనకుతానే అతుక్కునే రబ్బరు టేపు, కొయ్యంత పొడవున్న ఒక తీగ, ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న వల కోయడానికి రంపపు పళ్ల కత్తి, నీటి కళ్లద్దాలు: ఇవి లేకుండా సముద్రం దాటరు. ఏ భాగం ఏ మంచం కింద ఉందో పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. ఇంజిన్ నంబరు, విడిభాగాల నంబర్లు కూడా అందులోనే ఉండాలి. దొరకని భాగాన్ని విదేశం నుంచి తెప్పించుకుంటే, ప్రయాణంలో ఉన్న పడవకని కాగితాలు చూపినప్పుడు చాలా దేశాలు కస్టమ్స్ సుంకం మినహాయిస్తాయి. కానీ ఆ కాగితాలకూ విమానాలకూ వారాలు పడుతుంది. ఈలోగా మెట్ల కింద ఇంజిన్ విప్పి ఉంటుంది, బల్ల మీద నట్లు బోల్టులు ఉంటాయి, వంట వాటి పక్కనే సాగాలి. ఒకరు చేతులు నల్లగా చేసుకుంటుంటే ఇంకొకరు దీపం పట్టుకోవాలి.

వాల్వు మార్చడం, షాఫ్టు బేరింగు తీయడం, చుక్కానిని కిందికి దించడం వంటివి పడవను ఒడ్డెక్కిస్తే తప్ప కావు. అందుకే తుపాను కాలాన్ని ఈ పనులకు వాడుకుంటారు. జూన్ నుంచి నవంబర్ దాకా కరీబియన్‌లో హరికేన్లు తిరిగేటప్పుడు వాటి దారికి దక్షిణంగా ఉన్న ట్రినిడాడ్‌లోని చాగ్వారమాస్ యార్డులు నిండుతాయి. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా దక్షిణ పసిఫిక్ నుంచి దిగివచ్చిన పడవలు న్యూజిలాండ్‌లోని వాంగరే చేరతాయి. పని పూర్తయ్యాక క్రేన్ పట్టీల మీద పడవను నీళ్లలోకి దించుతారు. పట్టీలు వెంటనే వదలరు. యజమాని లోపలికి దిగి అడుగు చెక్కలు ఎత్తి, ప్రతి వాల్వునూ, గ్లాండ్‌నూ టార్చి వేసి, చేత్తో తడిమి చూస్తాడు. ఎక్కడా తడి లేదని చెప్పాకే క్రేన్ మనిషి పట్టీలు విడుస్తాడు.